పాఠం 14: ఎగతాళి బొమ్మలు – సోనిక్ రూపం మారిన కథ

పరిచయం

కిందటి పాఠంలో మీరు వార్తాపత్రికల్లో వచ్చే వ్యంగ్యచిత్రాల గురించి చదివారు. ఒక నాయకుడి ముక్కును కాస్త పొడుగు చేసి, పొట్టను కాస్త పెంచి గీస్తే ఆయన మీద ఒక అభిప్రాయం చెప్పినట్లే అవుతుందని తెలుసుకున్నారు. అక్కడ గీసేవాడు ఒక్కడు, చూసి నవ్వేవాళ్ళు వేలమంది. ఈ పాఠంలో ఆ లెక్క తిరగబడుతుంది. ఇక్కడ బొమ్మను తయారు చేసింది పెద్ద పెద్ద సంస్థలు. దాన్ని మార్చి మార్చి గీసి వెక్కిరించింది మామూలు చూపరులు. ఆ వెక్కిరింతకు సంస్థలు దిగివచ్చాయి. కోట్ల డాలర్లు పెట్టి తీసిన సినిమా విడుదలను వాయిదా వేసి, అందులోని బొమ్మను మళ్ళీ కొత్తగా చేయించాయి.

ఇలాంటి వెక్కిరింత బొమ్మలకు ఇప్పుడు అందరూ వాడే పేరు 'మీమ్'. బ్రహ్మానందం ముఖం మీద ఏదో ఒక మాట రాసి పంపిన బొమ్మను ఫోనులో ఒక్కసారైనా చూడని తెలుగువారు ఇవాళ అరుదు. చూస్తాం, నవ్వుతాం, ఇంకొకరికి పంపుతాం, మరచిపోతాం. ఆ బొమ్మ ఏం చెబుతోంది, ఎలా చెబుతోంది, ఎవరికి తగులుతోంది అని మాత్రం సాధారణంగా ఆలోచించం. ఈ పాఠంలో ఆ పని చేద్దాం. పాఠం పూర్తయ్యేసరికి ఒక మీమ్‌ను చూసి అందులోని విమర్శను మీ మాటల్లో చెప్పగలుగుతారు. విమర్శకూ కించపరచడానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు. వీడియో గేములు ఆడే అలవాటు మీకు లేకపోయినా ఇబ్బంది లేదు. అవసరమైనంత వరకు ఇక్కడే చెప్పుకుందాం.

14.1 గుర్తుబొమ్మ అంటే ఏమిటి?

ఎయిర్ ఇండియా అనగానే తలపాగా చుట్టుకుని, మీసాలు మెలితిప్పుకుని, వంగి నమస్కరించే మహారాజా గుర్తుకు వస్తాడు. అమూల్ వెన్న అనగానే చుక్కల గౌను వేసుకున్న పాప గుర్తుకు వస్తుంది. ఆ పాప 1966 నుంచి మనకు పరిచయం. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలను చూసిన పెద్దవాళ్ళకు 'అప్పు' అనే ఏనుగుపిల్ల గుర్తుండే ఉంటుంది. ఒక సంస్థకో, ఒక ఉత్సవానికో బదులుగా మన మనసులో నిలిచే ఇలాంటి బొమ్మను మాస్కట్ అంటారు. తెలుగులో గుర్తుబొమ్మ అనుకోవచ్చు.

వీడియో గేములు తయారు చేసే సంస్థలకు కూడా గుర్తుబొమ్మలు ఉన్నాయి. జపాను దేశపు నింటెండో సంస్థకు మీసాల మారియో అలాంటివాడు. 1981లో తొలిసారి తెర మీదికి వచ్చిన మారియో, 1980ల చివరికి నింటెండో పేరుతో విడదీయరానంతగా కలిసిపోయాడు. నింటెండోకు పోటీగా నిలిచిన మరో జపాను సంస్థ సెగా. మారియోకు దీటైన బొమ్మ తమకూ కావాలని సెగా అనుకుంది. అలా పుట్టినదే సోనిక్.

14.2 సోనిక్ పుట్టుక

సోనిక్ రూపాన్ని గీసింది నావోతో ఓషిమా. ఆటను నడిపే ప్రోగ్రాము రాసింది యూజీ నాకా. ఆటలోని దారులను, గోతులను, కొండలను కూర్చింది హిరోకాజు యాసుహారా. ఓషిమా మొదట ఒక్క బొమ్మతో సరిపెట్టుకోలేదు. చెవులతో వస్తువులను పట్టుకునే కుందేలును గీశారు. పైజమా వేసుకున్న మీసాలాయననూ గీశారు. (ఆ మీసాలాయన వృథా పోలేదు. తరువాత ఆటలో దుర్మార్గుడైన డాక్టర్ రోబోట్నిక్‌గా మారాడు.) గీసిన బొమ్మలను న్యూయార్కు తీసుకువెళ్ళి, సెంట్రల్ పార్కులో దారిన పోయేవాళ్ళకు చూపించి ఏది బాగుందని అడిగానని ఓషిమా తరువాతి కాలంలో చెప్పారు. ఎక్కువమంది మెచ్చింది హెడ్జ్‌హాగ్‌ను.

హెడ్జ్‌హాగ్ ఒంటినిండా ముళ్ళున్న చిన్న జంతువు. ప్రమాదం ఎదురైతే బంతిలా ముడుచుకుంటుంది. మనం ముళ్ళపంది అనేది దీనికంటే చాలా పెద్దది, వేరే జాతికి చెందినది. అలాగని హెడ్జ్‌హాగ్ మనకు పూర్తిగా పరాయిదీ కాదు. దక్షిణ భారతంలో, మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా, ఒక జాతి హెడ్జ్‌హాగ్ పొడినేలల్లో బతుకుతోంది. రాత్రిపూట తిరిగేది కావడంవల్ల చాలామంది కంట పడదు.

బంతిలా చుట్టుకునే గుణమే ఈ జంతువును ఆటకు సరిపోయేలా చేసింది. సోనిక్ వేగంగా పరుగెత్తుతుంది, గుండ్రంగా చుట్టుకుని శత్రువుల మీదికి దూకుతుంది. ఒంటి నీలం సెగా సంస్థ గుర్తులోని నీలమే. కాళ్ళకు ఎర్రని బూట్లు, చేతులకు తెల్లని తొడుగులు. రెండు కళ్ళూ విడివిడిగా ఉండవు. ఒకే తెల్లని భాగంలో రెండు నల్లని పాపలు ఉంటాయి. మీరు ఆట ఆపి ఊరుకుంటే సోనిక్ మీ వైపు చూస్తూ అసహనంగా కాలితో నేలను తడుతుంది. 1991 జూన్ 23న అమెరికాలో ఆట విడుదలైంది. ఆ కాలితట్టుడు ఒక్కటే చాలు, అది ఎలాంటి పాత్రో పిల్లలకు అర్థమైపోయింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అప్పటి యంత్రాలలో తెర మీద బొమ్మ చాలా చిన్నది. చిన్న చిన్న చుక్కలతో దాన్ని పేర్చాలి. సన్నని వివరాలకు చోటు లేదు. అందుకని ఆకారం దూరం నుంచే, నీడను చూసినా గుర్తుపట్టేలా ఉండాలి. వెనక్కి వాలిన ముళ్ళు, పెద్ద తల, పెద్ద కళ్ళు, పెద్ద బూట్లు, సన్నని కాళ్ళు: సోనిక్ అంటే ఇంతే. ఈ నాలుగైదు గుర్తులలో ఏది తీసివేసినా వేరే జంతువు అవుతుంది. చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుణ్ణి తలచుకోండి. చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. భుజం మీద శవం లేకపోతే ఆ బొమ్మలోని మనిషి ఏ రాజైనా కావచ్చు. విక్రమార్కుడే అని చెప్పలేం.

14.3 అంతకుముందు జరిగిన మార్పులు

సోనిక్ రూపాన్ని మార్చడం 2019లోనే మొదలైందని అనుకోకండి. 1998లో వచ్చిన ఆటలో చిత్రకారుడు యూజీ ఉయెకావా సోనిక్‌ను పొడుగ్గా, సన్నగా గీశారు. కంటిపాపలకు ఆకుపచ్చ రంగు వచ్చింది. పాత అభిమానులు కొందరు గొణిగారు. కొన్నేళ్ళకు ఆ గొణుగుడే అభిమానుల మధ్య హాస్యమైంది. చిన్న విషయానికి పెద్దగా బాధపడేవాళ్ళను ఆటపట్టించడానికి 'అయ్యో, కళ్ళు ఆకుపచ్చగా మారాయే!' అనడం మొదలుపెట్టారు. అంటే అభిమానులు బొమ్మనే కాదు, తమను తాము కూడా వెక్కిరించుకోగలరు. 2011లో, సోనిక్‌కు ఇరవై ఏళ్ళు నిండిన సందర్భంలో, పొట్టి పాత సోనిక్‌నూ పొడుగు కొత్త సోనిక్‌నూ ఒకే ఆటలో పక్కపక్కన నిలబెట్టి సెగా ఆ తగాదాను తెలివిగా తీర్చింది.

2014 ఫిబ్రవరిలో 'సోనిక్ బూమ్' పేరుతో మరో రూపం వచ్చింది. సోనిక్ మెడకు గోధుమరంగు కండువా, చేతులకూ కాళ్ళకూ ఆటగాళ్ళు చుట్టుకునే పట్టీలు. అయితే ఎక్కువ నవ్వు పుట్టించింది సోనిక్ కాదు, దాని మిత్రుడు నకుల్స్ అనే ఎర్రని పాత్ర. 1994 నుంచి ఇంచుమించు సోనిక్ ఎత్తే ఉన్న నకుల్స్ ఈసారి కుస్తీ పహిల్వానులా వచ్చింది. పెద్ద ఛాతీ, పెద్ద భుజాలు, వాటి మధ్య చిన్న తల. అభిమానులు ఆ ఛాతీని ఇంకా పెంచి, ఆ తలను ఇంకా తగ్గించి గీస్తూ పోయారు. వ్యంగ్యచిత్రకారుడు నాయకుడి ముక్కును పెంచినట్లే ఇదీ. బొమ్మలో ఏ లోపం ఉందో ఆ లోపాన్నే పెంచి చూపడం వ్యంగ్యానికి అన్ని కాలాల్లోనూ మొదటి పనిముట్టు.

కాసేపు ఆగి ఆలోచించండి. మీకు బాగా తెలిసిన ఒక గుర్తుబొమ్మను, సబ్బుదైనా, పార్టీదైనా, తీసుకోండి. దానిలో ఏ మూడు అంశాలను మారిస్తే మీరు గుర్తుపట్టలేరు? ఒక కాగితం మీద రాసుకోండి.

14.4 2019 ఏప్రిల్ 30

సోనిక్‌తో అమెరికాలో పారమౌంట్ సంస్థ ఒక సినిమా తీసింది. దర్శకుడు జెఫ్ ఫౌలర్. రోబోట్నిక్‌గా హాస్యనటుడు జిమ్ కారీ నటించారు. మనుషులంతా నిజమైన నటులు, సోనిక్ మాత్రం కంప్యూటరులో తయారైన బొమ్మ. 2018 డిసెంబరులో వచ్చిన మొదటి పోస్టరులో సోనిక్ నీడ మాత్రమే కనిపించింది. నీడలోనే కాళ్ళు కండలు తిరిగిన మనిషి కాళ్ళలా ఉన్నాయని జనం నవ్వడం మొదలుపెట్టారు. ఆ నెలలోనే సినిమా నిర్మాతల్లో ఒకరైన టిమ్ మిల్లర్, కళ్ళ విషయంలో తాము తీసుకున్న నిర్ణయం సెగాకు పూర్తిగా నచ్చినట్లు లేదని ఒక ముఖాముఖిలో చెప్పారు. అంటే లోపలివాళ్ళకూ అనుమానం ఉండే ఉంటుంది.

2019 ఏప్రిల్ 30న మొదటి ట్రైలరు వచ్చింది. అందులో కనిపించిన సోనిక్‌కు కళ్ళు చిన్నవి, రెండింటి మధ్య బొచ్చు. కాళ్ళు పొడుగ్గా, సన్నగా ఉన్నాయి. తెల్లని తొడుగులు లేవు; అరచేతులకే తెల్లని బొచ్చు. బూట్లు దుకాణంలో కొన్న మామూలు పరుగు బూట్లలా ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, నోరు తెరిస్తే వరసగా మనిషి పళ్ళు.

ఆ పళ్ళ దగ్గర కొంచెంసేపు ఆగాలి. పాత సోనిక్ నవ్వితే నోట్లో ఒక తెల్లని గీత ఉంటుంది, అంతే. ఆ గీత మనకు పళ్ళలా తోస్తుంది, పళ్ళను మనమే ఊహించుకుంటాం. సినిమా సోనిక్ నోట్లో మాత్రం ఒక్కొక్క పన్నూ విడిగా కనిపించింది. నీలపు బొచ్చు జంతువు నోట్లో మన ఎదురింటాయన పళ్ళు పెట్టినట్లు! ఎందుకు చూడలేకపోతున్నామో వెంటనే చెప్పలేకపోయినా ఒళ్ళు జలదరిస్తుంది.

దీనికి ఒక వివరణ ఉంది. జపానుకు చెందిన రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లో ఒక వ్యాసం రాశారు. బొమ్మ మనిషి పోలికకు దగ్గరయ్యేకొద్దీ దాని మీద మనకు ఇష్టం పెరుగుతుంది. అయితే పోలిక దాదాపుగా కుదిరి, కొంచెం తేడా మిగిలిపోయిన చోట ఇష్టం ఒక్కసారిగా గోతిలో పడినట్లు పడిపోతుంది. అక్కడ మనకు కలిగేది ఇష్టం కాదు, కంపరం. ఈ గోతిని ఆయన ఒక లోయలా గీసి చూపించారు. దుకాణంలో చీర కట్టిన బొమ్మను రాత్రిపూట ఒంటరిగా చూస్తే గుండె గతుక్కుమనేది అందుకే. మట్టిబొమ్మను చూస్తే అలా అనిపించదు. సినిమా సోనిక్ ఆ లోయలో పడింది. అదే నెలల్లో, 2019 మేలో విడుదలైన 'డిటెక్టివ్ పికాచూ' సినిమాలోనూ బొమ్మ పాత్రలకు నిజమైన బొచ్చు పెట్టారు. అయినా పికాచూ పెద్ద కళ్ళను, గుండ్రని ముఖాన్ని అలాగే ఉంచారు కాబట్టి చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. కాబట్టి తప్పు బొచ్చుది కాదు. నిజంలా కనిపించేలా చేయాలనుకోవడంలోనూ తప్పు లేదు. ఏ గుర్తులను ముట్టుకోకూడదో వాటినే ముట్టుకోవడం తప్పు.

14.5 మీమ్ ఎలా పని చేస్తుంది?

'మీమ్' అనే మాటను 1976లో బ్రిటిషు జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ తయారు చేశారు. అనుకరణ అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దాన్ని మలచారు. ఒక పాట బాణీ, ఒక ఊతపదం, ఒక వేషధారణ ఒకరి నుంచి ఒకరికి అనుకరణ వల్ల పాకుతాయి కదా, అలా పాకేదానికి ఆయన పెట్టిన పేరు అది. అప్పటికి ఇప్పటి ఫోను బొమ్మలు లేవు. పేరు మాత్రం వాటికి చక్కగా అతికింది. ఎందుకంటే మీమ్‌కు ప్రాణం అనుకరణే. ఒకరు చేసినదాన్ని ఇంకొకరు కొంచెం మార్చి చేస్తారు. మూడోవారు దాన్ని మరికొంచెం మారుస్తారు. మొదట ఎవరు చేశారో పదో మనిషికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ఈ విషయంలో మీమ్ సామెతకు చుట్టం. సామెతకూ కర్త పేరు ఉండదు.

తెలుగులో దీనికి దగ్గరి బంధువు పేరడీ. జరుక్ శాస్త్రిగా పేరుపొందిన జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీలు చదివినవారికి ఒక సంగతి తెలుసు: మూలం గుర్తుకు రాకపోతే పేరడీకి నవ్వు రాదు. మీమ్ విషయంలోనూ అంతే. మూలబొమ్మ తెలిసినవారికే అది పండుతుంది.

ఇప్పుడు 2019 మే మొదటి వారంలో వచ్చిన సోనిక్ మీమ్‌లను చూద్దాం. అవి ప్రధానంగా మూడు దారుల్లో నడిచాయి. కొందరు ఆ మనిషి పళ్ళను తీసుకుని ఇతర పాత్రల నోళ్ళలో పెట్టారు. పళ్ళే అసలు లోపమని ఒక్క మాట రాయకుండా చెప్పేశారు. మరికొందరు ఇతర ప్రసిద్ధ పాత్రలను కూడా ఇలాగే 'నిజంలా' మారిస్తే ఎలా ఉంటాయో గీసి చూపారు. ఇది తర్కంలో వాడే ఉపాయం. ఎదుటివాడి నియమాన్ని ఒప్పుకుని, దాన్ని చివరిదాకా లాగి, ఎంత హాస్యాస్పదమో చూపడం. మూడోరకంవాళ్ళు వెక్కిరించి ఊరుకోలేదు. ట్రైలరులోని బొమ్మను తీసుకుని కళ్ళు పెద్దవి చేసి, తొడుగులు వేసి, పళ్ళు దాచి, 'ఇదిగో, ఇలా ఉండాల్సింది' అని పక్కపక్కన పెట్టి చూపించారు. ట్రైలరు వచ్చిన కొద్ది గంటల్లోనే ఇలాంటి దిద్దుబాట్లు మొదలయ్యాయి.

నా ఉద్దేశంలో ఈ మూడో రకానిదే అసలు బలం. 'బాగా లేదు' అనేవాడి మాటను కొట్టిపారేయవచ్చు. బాగుంటే ఎలా ఉంటుందో చేసి చూపినవాణ్ణి కొట్టిపారేయడం కష్టం. మీ ఊరి రోడ్డు గురించి అర్జీ రాసేటప్పుడు కూడా ఈ తేడా పనికివస్తుంది. రోడ్డు అధ్వానంగా ఉందని నాలుగు పేజీలు రాయడంకంటే, ఎక్కడ ఎన్ని గజాల మేర కాలువ తవ్వితే నీరు నిలవదో ఒక్క పేజీలో రాస్తే అధికారి చదువుతాడు.

14.6 దర్శకుడి జవాబు

ట్రైలరు వచ్చిన రెండు రోజులకు, మే 2న, జెఫ్ ఫౌలర్ బహిరంగంగా జవాబు చెప్పారు. మద్దతుకూ విమర్శకూ రెండింటికీ కృతజ్ఞతలు చెప్పి, రూపం నచ్చలేదన్న సంగతి స్పష్టంగా అర్థమైందని, దాన్ని తప్పక మారుస్తామని రాశారు. సోనిక్ వేగాన్ని గురించి అభిమానులు వాడే ఒక ఊతపదాన్ని తిప్పి, 'వేగంగా బాగుచేయాలి' అనే అర్థం వచ్చేలా చివర్లో చేర్చారు. తనను వెక్కిరించినవారి భాషలోనే ఆయన జవాబిచ్చారన్నమాట. కోపం చల్లారడానికి ఇది కొంత కారణమని నేననుకుంటాను.

నవంబరు 8న రావలసిన సినిమాను 2020 ఫిబ్రవరి 14కు వాయిదా వేస్తున్నట్లు మే 24న ప్రకటించారు. కొత్త రూపం బాధ్యతను టైసన్ హెస్సీ అనే చిత్రకారుడికి అప్పగించారు. ఆయన అంతకుముందే సోనిక్ కామిక్ పుస్తకాలకు బొమ్మలు గీసినవారు. 2017లో వచ్చిన 'సోనిక్ మేనియా' ఆట ప్రారంభ దృశ్యాన్ని చేసినవారు. ఆ ఆటను తయారు చేసిన బృందంలోనూ అభిమానులుగా మొదలై నిపుణులైనవారే ముఖ్యులు. కొత్త సోనిక్ 2019 నవంబరు 12న రెండో ట్రైలరులో కనిపించింది. పెద్ద కళ్ళు, తెల్లని తొడుగులు, తెల్లపట్టీ ఉన్న ఎర్రని బూట్లు, పొట్టి శరీరం. మనిషి పళ్ళ వరస మాయమైంది.

ఇదంతా ప్రచారం కోసం ముందే వేసుకున్న ఎత్తుగడ అని కొందరన్నారు. నాకు ఆ వాదన నిలవదనిపిస్తుంది. ప్రచారం కోసమే అయితే, పండుగల కాలానికి ముందు నిర్ణయించుకున్న విడుదల తేదీని వదులుకుని, పూర్తయిన పనిని చెరిపి మళ్ళీ చేయించనక్కరలేదు.

14.7 ఒక్క బొమ్మను మార్చడం అంటే

'కళ్ళు పెద్దవి చేస్తే సరిపోతుంది కదా, అందులో ఏముంది?' అని మీకు తోచవచ్చు. కాగితం మీద అయితే నిజమే. సినిమాలో అలా కాదు. సినిమా తెర మీద సెకనుకు 24 బొమ్మలు కదులుతాయి. కంప్యూటరులో చేసే పాత్రకు మొదట మట్టిబొమ్మ చేసినట్లు ఆకారం తయారు చేస్తారు. తోలుబొమ్మకు పుల్లలూ దారాలూ కట్టినట్లు, ఆ ఆకారం లోపల ఎముకలు, కీళ్ళు అమరుస్తారు. ఆ తరువాతే కదలిక. ఆపైన బొచ్చు, ఆ బొచ్చు మీద వెలుగునీడలు. చివరికి దాన్ని నిజమైన నటుల పక్కన అతికించాలి. కళ్ళ పరిమాణం మారితే చూపు మారుతుంది, చూపు మారితే ముఖంలో భావం మారుతుంది, కాబట్టి కదలికను మళ్ళీ చేయాలి. కాళ్ళ పొడుగు మారితే నడక మారుతుంది. నటులు ఎటు చూస్తూ మాట్లాడారో అది ముందే చిత్రీకరించేశారు, అది మారదు. కొత్త సోనిక్ ముఖం ఆ చూపులు పడే చోటనే ఉండాలి.

ఈ పనిని చేసేది దర్శకుడు కాదు. విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోలలో రాత్రింబవళ్ళు కంప్యూటర్ల ముందు కూర్చునే చిత్రకారులు. మే 2న ఫౌలర్ మాట ఇచ్చినప్పుడు విడుదల తేదీ ఇంకా నవంబరే. ఆ భారం ఎవరి మీద పడుతుందో తెలిసినవాళ్ళు అప్పుడే ఆందోళన పడ్డారు. వాయిదా ప్రకటన వచ్చాక కొంత ఊపిరి పీల్చుకున్నారు.

ఈ సినిమాకు పనిచేసిన ప్రధాన స్టూడియోలలో ఒకటి ఎంపీసీ. దాని వాంకూవర్ శాఖను సినిమా విడుదలకు రెండు నెలల ముందు, 2019 డిసెంబరులో మూసివేశారు. సంస్థ చెప్పిన కారణం మార్కెట్ ఒత్తిళ్ళు, ఈ సినిమా కాదు. అయినా కొత్త సోనిక్‌ను జనం మెచ్చుకుంటున్న రోజుల్లోనే, దాన్ని చేసిన చేతులలో కొన్ని పని వెతుక్కోవలసి వచ్చింది. ఈ సంగతి మనకు దూరం కాదు. అదే ఎంపీసీకి బెంగళూరులో పెద్ద స్టూడియో ఉండేది. దాని మాతృసంస్థ టెక్నికలర్ 2025 ఫిబ్రవరిలో కుప్పకూలినప్పుడు మన దేశంలో వేలమంది ఉద్యోగాలు పోయాయి. మనం ఒక సినిమా బొమ్మను చూసి నవ్వినప్పుడు ఆ నవ్వు పోస్టరు మీద పేరున్నవారిని చేరుతుంది. పని మాత్రం పేరు కనిపించనివారి బల్ల మీదికి వస్తుంది.

ఇక సినిమా సంగతి. 2020 ఫిబ్రవరిలో విడుదలై ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 కోట్ల డాలర్లు వసూలు చేసింది. 2022లో రెండో భాగం 40 కోట్లు దాటింది. 2024 డిసెంబరులో మూడోదీ వచ్చింది.

పాఠ్యగత ప్రశ్న: సోనిక్ మీమ్‌లలో ఏ రకం నిర్మాతలకు ఎక్కువగా ఉపయోగపడి ఉంటుంది? మీ జవాబుకు రెండు కారణాలు రాయండి.

14.8 అన్ని వెక్కిరింతలూ ఒకటి కావు

సోనిక్ కథ విన్నవారు 'జనం నవ్వితే సంస్థలు దిగివస్తాయి' అని సులభంగా అనేస్తారు. ప్రతిసారీ అలా జరగదు. మనకు దగ్గరి ఉదాహరణ ఉంది. తెలుగు, హిందీ భాషల్లో తీసిన 'ఆదిపురుష్' సినిమా టీజరు 2022 అక్టోబరు 2న వచ్చింది. కంప్యూటరు బొమ్మల నాణ్యత మీద మీమ్‌లు వెల్లువెత్తాయి. 2023 జనవరిలో రావలసిన సినిమాను జూన్ 16కు వాయిదా వేశారు. అయినా విడుదలయ్యాక విమర్శలు ఆగలేదు. తేడా ఎక్కడ ఉంది? సోనిక్ విషయంలో అందరి చేతిలోనూ ఒకే కొలత ఉంది, అది 1991 నాటి బొమ్మ. అందరూ ఒకే పాత్రలో అవే నాలుగు లోపాలు చూపారు. ఆదిపురుష్ విషయంలో ఒకరికి బొమ్మల నాణ్యత నచ్చలేదు, ఇంకొకరికి వేషధారణ నచ్చలేదు, విడుదలయ్యాక సంభాషణలు నచ్చనివారు తోడయ్యారు. ఇన్నిటిని ఒక వాయిదాతో దిద్దడం ఎవరికైనా కష్టమే.

రెండో విషయం ఇంకా ముఖ్యమైనది. మళ్ళీ నకుల్స్ దగ్గరికి వద్దాం. 2017లో ఒక కార్టూనిస్టు తన వీడియోలో నకుల్స్‌ను పొట్టిగా, వంకరగా, సరదాగా గీశాడు. మరొకరు దాన్ని త్రిమితీయ బొమ్మగా మార్చారు. 2018 జనవరిలో వీఆర్‌చాట్ అనే ఆటలోకి ఆ బొమ్మ వేషంలో గుంపులు గుంపులుగా ఆటగాళ్ళు వచ్చారు. 2010లో ఉగాండాలో తక్కువ ఖర్చుతో తీసిన ఒక సినిమాను ఆధారం చేసుకుని, ఆఫ్రికావాళ్ళ ఇంగ్లీషు ఉచ్చారణను అనుకరిస్తూ, కనిపించినవారి చుట్టూ చేరి 'దారి తెలుసా?' అని అరిచేవారు. దీనికి 'ఉగాండా నకుల్స్' అనే పేరు వచ్చింది. కొన్ని వారాలు లోకమంతా నవ్వింది. ఇందులో జాతి ద్వేషం ఉందని విమర్శ వచ్చింది. ఆ త్రిమితీయ బొమ్మను తయారు చేసినవారు దాని వాడకం చూసి విచారం వెలిబుచ్చారు.

రెండు మీమ్‌లనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండిటిలోనూ అనుకరణ ఉంది, అతిశయోక్తి ఉంది, నవ్వు ఉంది. సోనిక్ పళ్ళను వెక్కిరించినప్పుడు తగిలింది ఒక నిర్ణయానికి. ఆ నిర్ణయాన్ని మార్చుకోవచ్చు, మార్చుకున్నారు. ఉగాండా నకుల్స్‌లో తగిలింది మనుషుల యాసకు. యాసను ఎవరు ఎందుకు మార్చుకోవాలి? సినిమాలలో శ్రీకాకుళం యాసనో తెలంగాణ యాసనో నవ్వులాటకు వాడుకున్నప్పుడు ఆ ప్రాంతంవారికి ఎలా ఉంటుందో మనలో చాలామందికి స్వయంగా తెలుసు.

చివరగా, పక్కన పెట్టేసిన ఆ పాత సోనిక్ ఏమైందో చెప్పాలి. జనం దానికి 'అగ్లీ సోనిక్', అంటే అనాకారి సోనిక్ అనే పేరు పెట్టారు. 2022 మేలో డిస్నీ సంస్థ విడుదల చేసిన 'చిప్ అండ్ డేల్: రెస్క్యూ రేంజర్స్' సినిమాలో అది నిజంగానే ఒక పాత్రగా వచ్చింది. అభిమానుల సమావేశంలో ఒక బల్ల ముందు కూర్చుని, అవే మనిషి పళ్ళతో నవ్వుతూ, వచ్చినవారిని పలకరిస్తుంది. సినిమా నుంచి తీసేసిన పాత నటుడిలా ఉంటుంది దాని వాలకం. దానికి గొంతు ఇచ్చింది హాస్యనటుడు టిమ్ రాబిన్సన్. మూడేళ్ళ కిందట వెక్కిరించినవాళ్ళే ఈసారి దాన్ని చూసి ముచ్చటపడ్డారు.

అభ్యాసం

1. ఈ వారంలో మీ ఫోనుకు వచ్చిన ఒక మీమ్‌ను ఎంచుకోండి. అది దేన్ని అనుకరిస్తోందో, దేన్ని పెంచి చూపుతోందో, ఎవరికి తగులుతోందో పది వాక్యాలలో రాయండి.

2. 'తగిలేది నిర్ణయానికా, మనిషికా?' అనే ప్రశ్నను ఆ మీమ్‌కు వేసి చూడండి. మీ జవాబును ఇంట్లో మరొకరికి చెప్పి, వారు ఒప్పుకోకపోతే వారి కారణాన్ని కూడా రాయండి.

3. మీకు నచ్చని ఒక ప్రకటన బొమ్మను తీసుకుని, అది ఎలా ఉంటే బాగుండేదో మీ చేత్తో గీసి, సంపర్క తరగతికి తీసుకురండి. గీత బాగా రాకపోయినా పర్వాలేదు.